వెతికితేనే దొరుకుతారు: పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ప్రతిభగల పిల్లలకున్న దారులు

తెలంగాణలో కవులు పూజ్యం, అంటే సున్నా, అని ఒకప్పుడు ఒకరు రాశారు. పాలమూరు గడ్డ మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి దానికి వాదనతో జవాబు చెప్పలేదు. ఎక్కడెక్కడి కవుల వివరాలో తెప్పించి, 354 మంది పద్యాలను ఒక్కచోట చేర్చి, 1934లో గోలకొండ కవుల సంచికగా అచ్చువేశారు. ఆ కవులంతా ఆ ఏడాదే కొత్తగా పుట్టుకొచ్చిన వాళ్లు కాదు. అంతకుముందు అడిగిన దిక్కు లేదు కాబట్టి కనబడలేదు.

పిల్లల సంగతీ ఇంతే. "మా బడిలో అంత తెలివైన పిల్లలు ఎక్కడున్నారు సార్" అనే మాట మండల కేంద్రాల్లో తరచూ వినిపిస్తుంది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని బ్రోవర్డ్ కౌంటీలో ఇదే ప్రశ్నకు అనుకోకుండా ఒక జవాబు దొరికింది. అక్కడ అంతకుముందు టీచరో, తల్లిదండ్రులో పేరు చెప్తేనే పిల్లలకు ప్రతిభ పరీక్ష పెట్టేవారు. 2005 నుంచి రెండో తరగతి పిల్లలందరికీ ఒక చిన్న పరీక్ష పెట్టడం మొదలుపెట్టారు. పేద ఇళ్ల నుంచి, నల్లజాతి, హిస్పానిక్ కుటుంబాల నుంచి ఎంపికయ్యే పిల్లల సంఖ్య బాగా పెరిగింది. తర్వాత డబ్బులు చాలక ఆ పద్ధతి తగ్గించేసరికి, సంఖ్యలు మళ్లీ పడిపోయాయి. పిల్లలు మారలేదు, చూసే పద్ధతి మారింది.

అందరికీ పరీక్ష పెట్టినా పని అయిపోదు. 1921లో లూయిస్ టెర్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలిఫోర్నియాలో ఐక్యూ పరీక్షలతో మేధావి పిల్లలను ఎంచుకుని, వాళ్లు పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చాడు. ఆ పరీక్ష రాసి, మార్కులు చాలక ఎంపిక కాని పిల్లల్లో ఇద్దరికి తర్వాతి కాలంలో భౌతిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. 1956లో విలియం షాక్లీకి, 1968లో లూయిస్ అల్వారెజ్‌కు. ఎంపికైనవాళ్లలో ఒక్కరికీ రాలేదు. ఒక్క పూట రాసిన పేపర్ ఒక పిల్ల మొత్తాన్నీ కొలవలేదు. నవోదయ ప్రవేశ పరీక్ష రిజల్ట్ రోజున ఇళ్లల్లో కనిపించే ముఖాలు తెలిసినవాళ్లు ఈ సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

మన దగ్గర ప్రతిభ అంటే రెండు బొమ్మలు గుర్తొస్తాయి. ఒకటి ఏకసంథాగ్రాహి, ఒక్కసారి విన్నది అప్పజెప్పే పిల్ల. రెండోది ఫస్ట్ ర్యాంకు. రెండింటికీ విలువ ఉంది. కానీ బడిలో అసలు ప్రతిభ చాలాసార్లు అల్లరిలాగా, పరధ్యానంలాగా కనిపిస్తుంది. సారు బోర్డు మీద రెండో లెక్క రాసేలోపు ఐదూ చేసేసి పక్కవాడిని గిల్లే పిల్లవాడు, "ఎందుకు" అన్న మాటతో ఇంట్లోవాళ్ల ప్రాణం తోడే పిల్ల, తన ఈడు వాళ్లను వదిలి పెద్దవాళ్ల ముచ్చట్లలో చెవి పెట్టి కూర్చునేవాడు, పాడైన రేడియో విప్పి మళ్లీ బిగించలేక తిట్లు తినేవాడు, వీళ్లంతా ఆ లెక్కలోకి వస్తారు. అమెరికన్ విద్యావేత్త జోసెఫ్ రెంజుల్లి 1978లో దీన్ని మూడు వలయాలుగా చెప్పాడు. సగటు కంటే మించిన సామర్థ్యం, కొత్తగా ఆలోచించే గుణం, పట్టిన పని వదలని పట్టుదల. మూడూ కలిసిన చోట ప్రతిభ ఉందని ఆయన లెక్క.

దీనికి రుజువు ఉమ్మడి నల్లగొండలోనే ఉంది. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానేశారు. చీర నేసే ముందు ఆసు పోయడానికి, అంటే నూలు పోగును కొయ్యల చుట్టూ తిప్పి పేర్చడానికి, తల్లి లక్ష్మి ఒక్కో చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పేది. ఆ భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి ముక్కముక్కగా ప్రయత్నించి, 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన చిన్నప్పుడు ఏ టాలెంట్ టెస్టులో ఏ ర్యాంకు తెచ్చుకున్నారని ఎవరూ అడగరు, అడగాల్సిన పనీ లేదు.

ఇక ఇక్కడి కుటుంబాలకు అందుబాటులో ఉన్నవేమిటి? వరసగా చూస్తే తక్కువేమీ లేవు. గురుకులాల చరిత్రే ఈ నేల మీద మొదలైంది. 1971లో పి.వి. నరసింహారావు హయాంలో ఉమ్మడి రాష్ట్రపు తొలి గురుకుల పాఠశాల సర్వేల్‌లో తెరిచారు. అప్పుడది నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. ఈ రోజు ఎస్సీ, ఎస్టీ, బీసీ, జనరల్ గురుకులాల్లో ఐదో తరగతి సీట్లకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉంది. నాలుగో తరగతి చదువుతున్న పిల్లలు రాయాలి. ఆరో తరగతికి నవోదయ. నల్లగొండ జిల్లా వాళ్లకు పెద్దవూర మండలం చలకుర్తిలో, పాలమూరు వాళ్లకు బిజినేపల్లి మండలం వట్టెంలో నవోదయ విద్యాలయాలు ఉన్నాయి. 2024 డిసెంబర్‌లో కేంద్రం తెలంగాణకు మంజూరు చేసిన ఏడు కొత్త నవోదయల్లో మహబూబ్‌నగర్, సూర్యాపేట కూడా ఉన్నాయి.

నవోదయ దగ్గర కాస్త ఆగాలి. ఎక్కువ కుటుంబాలు తెలియక నష్టపోయేది ఇక్కడే. 75 శాతం సీట్లు పల్లె పిల్లలకు. మూడో వంతు ఆడపిల్లలకు. పల్లె కోటా రావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా గ్రామీణ ప్రాంతంలోని గుర్తింపు పొందిన బడిలోనే చదివి ఉండాలి. "మంచి చదువు" కోసం నాలుగో తరగతిలో పిల్లను టౌన్ స్కూల్లో చేర్పించిన తల్లిదండ్రులు, తెలియకుండానే ఆ కోటా పోగొట్టుకుంటున్నారు. ఈ మాట మూడో తరగతిలోనే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండునని తర్వాత బాధపడేవాళ్లు చాలామంది. ఆరో తరగతి సీటుకు పరీక్ష రాసే అవకాశం ఒక్కసారే. పేపర్ తెలుగులోనూ రాయవచ్చు. 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. అందులో సగం, అంటే 40 ప్రశ్నలు, బొమ్మలతో కూడిన మేధాశక్తి పరీక్ష. మిగతావి లెక్కలు, భాష.

ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ఉపకారవేతన పరీక్ష వస్తుంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదివే, ఏడాది ఆదాయం మూడున్నర లక్షలకు మించని కుటుంబాల పిల్లలకు ఇది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు. నాలుగేళ్లకు 48,000. పదో తరగతి తర్వాత ఆడపిల్లను చదువు మాన్పించాలా వద్దా అని ఇంట్లో చర్చ జరిగే వేళకు ఈ డబ్బు పెద్ద మాటే అవుతుంది. హాస్టల్ వసతి ఉన్న ప్రభుత్వ గురుకులాల పిల్లలకు ఇది వర్తించదు. అంటే ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూల్ పిల్లల కోసమే ఉన్న అవకాశమిది. అయినా ఈ పరీక్ష పేరు వినని తల్లిదండ్రులు మొత్తం తండాలకు తండాలే ఉన్నారు. ఒకప్పుడు పదో తరగతి పిల్లలకు పెద్ద పేరున్న జాతీయ ప్రతిభా పరీక్ష ఎన్‌టీఎస్‌ఈ 2021 నుంచి ఆగిపోయింది. దాని పేరు చెప్పి ఇప్పటికీ ఎవరైనా కోచింగ్ ఫీజు అడిగితే ఇవ్వకూడదు.

పాలమూరుకు ఇంకో చిక్కు ఉంది, వలస. దసరా దాటాక మూటాముల్లె సర్దుకుని పనులకు వెళ్లే కుటుంబాల పిల్లలు కొందరు వెంట వెళ్తారు, కొందరు అవ్వతాతల దగ్గర ఉండిపోతారు. నవోదయ పరీక్ష డిసెంబర్, జనవరిల్లోనే పడుతుంది. గురుకుల పరీక్ష దరఖాస్తులూ ఆ చుట్టుపక్కలే. తండ్రి ముంబైలోనో, బెంగళూరులోనో సైట్ మీద ఉంటే ఆదాయ పత్రం కోసం మీసేవకు ఎవరు తిరగాలి? ఆధార్‌లో ఇంటిపేరు ఒక రకంగా, బడి రిజిస్టర్‌లో ఇంకో రకంగా ఉంటే ఎవరు సరిచేయించాలి? పిల్లకు తెలివి ఉండి, కాగితం లేక ఆగిపోవడం అన్నిటికంటే బాధాకరం. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్ సవరణ, బ్యాంకు ఖాతా, ఇవన్నీ నోటిఫికేషన్ వచ్చాక కాకుండా జూన్, జూలైల్లోనే, పెద్దవాళ్లు ఊళ్లో ఉన్నప్పుడే చేయించి పెట్టుకోవాలి. ఒక బడిలో ఒక్క టీచర్ ఈ బాధ్యత తలకెత్తుకున్నా ఆ ఊరి ఫలితాలు మారిపోతాయి.

ఇవన్నీ ఉన్నా ఒక లోటు మిగిలే ఉంది. పైన చెప్పినవన్నీ ఎంపికలు. పిల్లను ఏరుకుని ఇంకోచోటికి తీసుకెళ్లేవి, లేదా డబ్బు ఇచ్చేవి. ఎంపిక వేరు, పెంపకం వేరు. నాలుగో తరగతి పరీక్షకూ ఎనిమిదో తరగతి పరీక్షకూ మధ్య నాలుగేళ్లు ఉన్నాయి. ఆ నాలుగేళ్లూ ఆ పిల్ల బుర్రకు మేత ఎక్కడిది? ఈ ఖాళీని కోచింగ్ సెంటర్లు నింపుతున్నాయి. ఎనిమిదేళ్ల పిల్లలను తెల్లవారుజామున లేపి, పాత పేపర్లు రుద్దించి, అదే ప్రతిభ అనుకునేలా చేస్తున్నాయి. నవోదయ పేపర్‌లో సగం ఉన్న బొమ్మల పజిళ్లు నిజానికి ఆటలాంటివి. అద్దంలో బొమ్మ, కాగితం మడత, తప్పిపోయిన ముక్క. కాగితం మడిచి కత్తెరతో కోసి, విప్పితే ఎలా ఉంటుందో ముందే చెప్పమని అడిగితే ఇంట్లోనే ఆ సాధన మొదలవుతుంది. ముగ్గులు వేసే పిల్లకు సౌష్ఠవం అనే మాట తెలియకపోవచ్చు, విషయం మాత్రం చేతిలోనే ఉంది.

మేత గురించి చెప్పాలంటే మొదట గ్రంథాలయం. ఊళ్లల్లో కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వెళ్తుంది. అంటే ఆ లైబ్రరీ మన డబ్బుతో నడుస్తోంది, అడిగే హక్కు మనకుంది. ఇప్పుడు జిల్లా, మండల లైబ్రరీల కుర్చీలన్నీ గ్రూప్ పరీక్షలకు చదివే యువతతో నిండి ఉంటున్నాయి. వాళ్ల అవసరం వాళ్లది. కానీ పిల్లల పుస్తకాల బీరువాకు తాళం పడి ఉంటే తీయమని అడగాలి. ఏటా నవంబర్ 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో పిల్లలకు పోటీలు పెడతారు, పిల్లను తొలిసారి తీసుకెళ్లడానికి అది మంచి సమయం. ఫోన్ ఉన్న ఇంట్లో స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథల పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. పాత సీసాలు, అగ్గిపుల్లలు, సైకిల్ ట్యూబు ముక్కలతో సైన్స్ బొమ్మలు చేయడం నేర్పే అరవింద్ గుప్తా పుస్తకాలు తెలుగులోనూ ఉన్నాయి. టీ-శాట్ విద్య ఛానెల్ టీవీలోనే వస్తుంది. ఆరో తరగతి పిల్ల ఎనిమిదో తరగతి పాఠం చూస్తే అడ్డుకునేవాళ్లు లేరు.

ఈ మాట బడికీ వర్తిస్తుంది. విద్యాహక్కు చట్టం పిల్లలను వయసుకు తగ్గ తరగతిలో ఉంచమంటుంది కాబట్టి, తరగతులు దాటించమని అడగడం వృథా. పై తరగతి పుస్తకం ఇవ్వడానికి మాత్రం ఏ ఉత్తర్వూ అక్కర్లేదు. మూడో తరగతి పిల్ల లెక్కల పీరియడ్‌లో ఐదో తరగతి గదిలో కూర్చోవడానికి హెచ్‌ఎం ఒప్పుకుంటే చాలు. ఒకే గదిలో రెండు మూడు తరగతులు నడిచే చిన్న ప్రాథమిక బడుల్లో ఇది ఎలాగూ జరుగుతోంది. లోటుగా చూసే ఆ పరిస్థితే చురుకైన పిల్లకు మేలు చేస్తుంది.

తర్వాత సైన్స్ వేదికలు. పిల్లల సొంత ఆలోచనల కోసం కేంద్రం నడిపే ఇన్‌స్పైర్ మానక్ పోటీకి బడి నుంచి ఐదు ఆలోచనల వరకు పంపవచ్చు. ఎంపికైన పిల్లకు నమూనా చేయడానికి 10,000 రూపాయలు ఖాతాలో పడతాయి. ఆరో తరగతి నుంచే అర్హత. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, పెద్దవాళ్లు నెట్‌లో వెతికి ఒక ఐడియా తెచ్చి పిల్ల పేరుతో పంపడం. న్యాయ నిర్ణేతలు రెండు ప్రశ్నలు అడిగేసరికి ఆ పిల్ల నిలబడి బిక్కమొహం వేస్తుంది. పత్తి ఏరే తల్లి వేళ్లకు తగిలే గాయం, బత్తాయి తోటలో డ్రిప్ పైపుకు ఎలకల బెడద, ఇంటి ముందు నల్లా దగ్గర వృథా అయ్యే నీళ్లు, ఇలాంటివి పిల్ల కళ్లతో చూసిన సమస్యలు. వాటి గురించి ఎన్ని ప్రశ్నలడిగినా తడుముకోదు. 10 నుంచి 17 ఏళ్ల పిల్లలకు బాలల సైన్స్ కాంగ్రెస్ ఉంది. జన విజ్ఞాన వేదిక చెకుముకి సైన్స్ సంబురాలు బడి స్థాయి నుంచి రాష్ట్రం దాకా జరుగుతాయి, అదే పేరుతో తెలుగులో పిల్లల సైన్స్ మాసపత్రిక కూడా వస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఇస్రో యువిక శిబిరం 2019లో మొదలైంది, పల్లె బడుల వాళ్లకు అందులో అదనపు వెయిటేజీ ఉంది. లెక్కల మీద నిజంగా ప్రేమ ఉన్న పిల్లలకు ఎనిమిదో తరగతి నుంచి గణిత ఒలింపియాడ్ తొలి మెట్టు ఐఓక్యూఎం. మూడు గంటల్లో 30 లెక్కలే, బట్టీకి చోటు లేదు. ప్రైవేటు కంపెనీలు ఒలింపియాడ్ అని పేరు పెట్టి బడుల్లో ఫీజు వసూలు చేసే పరీక్షలు వేరు, ఇది వేరు. రెండింటినీ కలిపి చూడకూడదు.

అన్నిటికంటే తక్కువ వాడుతున్న వనరు మాత్రం చుట్టూ ఉన్న నేల. నల్లగొండ పక్కనే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో ఒక గర్భగుడిలో పగలంతా కదలని నీడ పడుతుంది. సూర్యుడు కదులుతుంటే నీడ ఎందుకు కదలదు? జవాబు చెప్పకుండా పిల్లను అక్కడ వదిలేయాలి. ఇంటికొచ్చి థర్మాకోల్ ముక్కలతో మండపం చేసి, కొవ్వొత్తులు నిలబెట్టి, టార్చిలైటు రెండు మూడు దిక్కుల నుంచి వేసి చూస్తే, వెలుగు నేరుగా పడటానికీ గోడల మీద చెదిరి పడటానికీ తేడా తెలుస్తుంది. అది ఏ పాఠ్యపుస్తకం కంటే బాగా గుర్తుండే భౌతిక శాస్త్రం.

నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్లు ఉన్నాయి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. ఆ రాళ్ల వరసలకూ సూర్యుడి రాకపోకలకూ సంబంధం ఉందని, ఒక బండ మీది గుంటలు సప్తర్షి మండలాన్ని పోలి ఉన్నాయని పరిశోధకులు చెప్తారు. హైదరాబాద్ పిల్లకు సప్తర్షి మండలం కావాలంటే బిర్లా ప్లానెటోరియంకు టికెట్ కొనాలి. మక్తల్ పక్క పల్లె పిల్లకు మంచం డాబా మీద వేసుకుంటే చాలు. ఆ చీకటి ఆకాశం ఈ జిల్లాల ఆస్తి. అది ఉన్నన్నాళ్లు వాడుకోవాలి.

పోచంపల్లి, గద్వాల, నారాయణపేట మగ్గాలు లెక్కల గదులే. పోచంపల్లి చిటికి పనిలో డిజైన్‌ను ముందు గ్రాఫ్ కాగితం మీద గీసి, రంగు అంటకూడని చోట నూలును ముడివేసి కట్టి, అప్పుడు అద్దుతారు. పడుగూ పేకా రెండూ అలా అద్దిన చీరలో ఒక్క పోగు జరిగినా బొమ్మ చెదురుతుంది. నిరూపకాలు, సౌష్ఠవం, నిష్పత్తి అన్నీ అందులో ఉన్నాయి. నేత ఇంటి పిల్లకు ఈ సంగతి బడిలో ఎవరైనా చెప్తే, తన ఇంటి పనిని తలదించుకునే విషయంగా చూడదు. నల్లమలలో అమ్రాబాద్ వైపు చెంచు పిల్లలు ఆకు చూసి చెట్టును, అడుగుజాడ చూసి జంతువును చెప్తారు. ఆ చూపును కొలిచే ప్రశ్న ఏ ప్రవేశ పరీక్షలోనూ లేదు. ఉంటే ఫలితాల జాబితా ఇంకోలా ఉండేది.

తెలివి ఉండీ చదవడంలో, రాయడంలో వెనకబడే పిల్లల గురించి ఎవరూ మాట్లాడరు. నోటితో అద్భుతంగా చెప్పి, కాగితం మీద అక్షరాలు తారుమారు చేసే పిల్లను మొద్దు అని కొట్టిపారేస్తారు. డిస్లెక్సియా అనే ఈ చదివే ఇబ్బందికీ తెలివికీ పోటీ లేదు, రెండూ ఒకే పిల్లలో ఉండవచ్చు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉండే భవిత కేంద్రాల ప్రత్యేక టీచర్లను కలవడం తొలి అడుగు. "మా పిల్లకు లోపం ఉందంటారా" అని కోపం తెచ్చుకోవద్దు.

ఇంట్లో పరిస్థితి కూడా చూడాలి. తొమ్మిదేళ్ల పిల్ల ప్రపంచంలో యుద్ధాల గురించి పెద్ద మనిషిలా అడుగుతుంది, అదే సాయంత్రం పెన్సిల్ విరిగిందని వెక్కి వెక్కి ఏడుస్తుంది. బుర్ర ఒక వయసులో, మనసు ఇంకో వయసులో ఉండటం ఈ పిల్లల్లో మామూలే. చుట్టాలొస్తే పద్యాలు చెప్పించడం, ఎక్కాలు అప్పజెప్పించడం కొంతవరకే బాగుంటుంది. తప్పు చెప్తే పరువు పోతుందని పిల్ల అనుకోవడం మొదలైతే, కష్టమైన లెక్క ముట్టుకోవడమే మానేస్తుంది. పదేళ్లకు హాస్టల్‌కు పంపాలా వద్దా అన్నది ఏ వ్యాసమూ తేల్చలేదు. అక్కడ తోటి పిల్లలు దొరుకుతారు, తన లాంటివాళ్లు ఇంకా ఉన్నారని తెలుస్తుంది, అది పెద్ద మేలు. కానీ రాత్రి అమ్మ పక్కన తప్ప నిద్రపోని పిల్లకు ఆ వయసులో అది మోయలేని బరువు. ఫారం నింపే ముందు పిల్లను ఒకసారి అడగాలి, నిజంగా అడగాలి.

2020 జాతీయ విద్యా విధానం గణిత, సైన్స్, భాషా బృందాలు బడి స్థాయి నుంచి జిల్లా స్థాయి దాకా ఉండాలని, ఒలింపియాడ్లు పల్లెలకు, ప్రాంతీయ భాషల్లోకి రావాలని రాసుకుంది. నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ ఉన్నాయి. వాటి గణిత, భౌతిక శాస్త్ర విభాగాల పీజీ విద్యార్థులు నెలకు ఒక ఆదివారం పక్క మండలంలో పాతిక మంది పిల్లలతో కూర్చుంటే, పెద్ద బడ్జెట్ లేకుండానే ఒక గణిత బృందం మొదలవుతుంది. అడగాల్సింది తల్లిదండ్రులు, హెచ్‌ఎంలు కలిసి. ఒక్కరు అడిగితే కాగితం అవుతుంది, పదిమంది అడిగితే పని అవుతుంది.

పదేళ్లకు సీటు రాని పిల్లకు దారి మూసుకుపోయినట్టు ఇళ్లల్లో ఏడుపులు వినిపిస్తాయి. నవోదయలో ఖాళీలుంటే తొమ్మిదో తరగతి ప్రవేశానికి మళ్లీ పరీక్ష పెడతారు. ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ ఉంది. పది అయ్యాక ఇంటర్ గురుకుల కాలేజీలకు ఇంకో పరీక్ష ఉంది. బాసర ట్రిపుల్ ఐటీకి ప్రవేశ పరీక్షే లేదు, పదో తరగతి ఫలితాల మీదే ఆరేళ్ల ఇంజినీరింగ్ కోర్సుకు తీసుకుంటారు, ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకు అదనపు వెసులుబాటు ఇస్తూ వచ్చారు. రిజల్ట్ వచ్చిన సాయంత్రం ఆ పిల్లకు ఈ నాలుగు మాటలూ చెప్పి, మర్నాడు పొద్దున లైబ్రరీకి తీసుకెళ్లే మనిషి ఇంట్లో ఒకరు ఉండాలి.